బాణామతి అన్నది నేనే

మా అన్న మొగిలికి ఎవరో బాణామతి, అదే చేతబడి, చేశారని ఊళ్లో మొట్టమొదట అన్నది నేనే. బడిపంతులును. పిల్లలకు సైన్సు చెప్పి జీతం తీసుకునేవాణ్ని. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఎనభై ఆరులో సంగతి. అడవిలో తిరిగే నక్సలైటు అన్నలకు ఒక పూట అన్నం పెట్టాడని పోలీసులు మొగిలిని పట్టుకుపోయి నాలుగు రోజులు ఉంచుకున్నారు. ఒంటి మీది దెబ్బలు నెలలో మానాయి. జీపు చప్పుడు వింటే మాత్రం మంచం కిందికి దూరేవాడు. కంచం ముందు పెట్టుకుని ముద్ద ఎత్తకుండా గంటలు కూర్చునేవాడు.

కోరుట్ల దారిలో ఒక నూనె మిల్లులో, బాయిలర్ దగ్గర పని అతనిది. పర్మనెంటు. జీతంలోంచి నెలనెలా కోసుకుని బీమా కార్డు ఇచ్చారు. అది చూపిస్తే ఏ రోగానికైనా వైద్యం ఉచితం. కానీ కాగితం మిల్లు ఆఫీసు మీదుగా పోవాలి, దాని మీద రోగం పేరు రాయాలి. మనసు బాగాలేదని రాస్తే బాయిలర్ దగ్గరికి రానిస్తారా? ఎందుకు బాగాలేదని అడిగితే పోలీసుల పేరు చెప్పాలా? మన జీతం కోసి ఇచ్చిన కార్డును మనమే పెట్టెలో దాచుకోవాలి! ఒళ్లు మండదా?

అందుకే కరీంనగర్‌లో ఒక మనసు డాక్టరు దగ్గరికి సొంత పైసలతో తీసుకుపోయాను. ఆయన మందులు తక్కువ ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడించేవాడు. మా వదిన దుర్గవ్వ బీడీలు చుట్టిన పైసలన్నీ అక్కడికే పోయేవి.

"మాట్లాడినందుకు గూడ పైసలా? గా మాటలేవో నేను ఇంట్లనే మాట్లాడుత గదా!" అని మొదట్లో నన్ను తిట్టింది. ఆరో వారం అన్న కంచం ఖాళీ చేశాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మిల్లుకు సెలవైన ప్రతి బుధవారం ఎక్కడికి పోతున్నారని వాడలో అడగడం మొదలైంది. మా వాడలోనే ఉండే రామస్వామి ఆ మిల్లులో మేస్త్రీ. ఒకరోజు బస్సు కోసం నిలబడితే, ఆయన ముందరే పక్కింటి లచ్చవ్వ గుచ్చి గుచ్చి అడిగింది. నా నోట్లోంచి వచ్చేసింది.

"ఎవలో బాణామతి చేసిండ్రత్తా. మంత్రగాని తాన కట్టు కట్టిచ్చెతందుకు పోతున్నం."

అందరూ అయ్యో పాపం అన్నారు. పిచ్చి అంటే పని పోతుంది, బాణామతి అంటే జాలి పడతారు. ఎంత తెలివైనవాణ్నో అని మురిసిపోయాను. ఆ మాట అన్నాక చేసినవాళ్లెవరని జనం వెతుకుతారని, మంత్రం పలకకుండా వాళ్ల పళ్లు పీకుతారని ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తెలియదా? తెలుసు. పట్టించుకోలేదు.

నెల తిరగలేదు. ఒక బుధవారం సాయంత్రం మేం బస్సు దిగి వచ్చేసరికి వాడ మధ్య సత్యవ్వను కరెంటు స్తంభానికి కట్టేసి ఉన్నారు. ఒంటరి ముసలమ్మ. మొగిలి ఠాణా నుంచి వచ్చిన రోజు మా గడప తొక్కడానికి అందరూ భయపడితే, గిన్నెడు అంబలి తెచ్చి తాగించింది ఆమె ఒక్కతే. ఆ అంబలిలోనే మందు పెట్టిందట! మా ఎదురింటి జలపతి చేతిలో పటకారు ఉంది. ఆమె రవిక నిండా నెత్తురు. ముందు పళ్లు రెండు అప్పటికే పీకేశారు.

"మొగిలన్నా, నీ బాధ ఇయ్యాల తీరిపోతది" అన్నాడు జలపతి.

గుంపులో రామస్వామి ఉన్నాడు. నిజం చెబితే తెల్లారేసరికి అన్న పని పోతుంది. నేను రామస్వామి ముఖం చూస్తూ నిలబడ్డాను. నిలబడ్డాను, అంతే. ఆ కాసేపట్లో మూడో పన్ను ఊడింది.

మొగిలి వెళ్లి జలపతిని ఒక్క తోపు తోశాడు.

"నాకు బాణామతి లేదు! పోలీసులు కొట్టిండ్రు. తలకిందులుగ కట్టి కొట్టిండ్రు. నాకు భయమైతుంది. నిద్ర వడుతలేదు. పిచ్చి డాక్టరు తానికి పోతున్న. ఇనవడ్డదా? రామస్వామీ, నీకు గూడ ఇనవడ్డదా?"

డాక్టరు గదిలో తప్ప ఇంకెక్కడా అనని మాటలు. అరుస్తూ, ఏడుస్తూ ఆమె కట్లు విప్పాడు. జనం ఒక్కొక్కరే ఇళ్లలోకి జారుకున్నారు. జలపతి కూడా పోయాడు, పటకారు చంకలో పెట్టుకుని.

మర్నాడు మిల్లులో అన్నను బాయిలర్ నుంచి తీసేసి బస్తాలు మోసే కూలీల్లో వేశారు. ఇంక దాచేదేముంది? నేను బీమా కాగితం మీద రోగం పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి తీసుకుపోయి ఆఫీసు గుమాస్తా బల్ల మీద కొట్టాను.

"ఉచితంగ అయ్యేదానికి ఇన్ని దినాలు పైసలెందుకు వెట్టిండ్రు సార్?" అన్నాడు వాడు. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. వాడి గొంతు పిసకాలనిపించింది.

అక్కడి నుంచి వదిన కాచిన జావ పట్టుకుని సత్యవ్వ ఇంటికి పోయాను. దవడ వాచిపోయి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని గడప లోపల కూర్చుని ఉంది.

"బాలరాజూ, బాణామతని అన్నది నువ్వేనట గదా?"

"నేనే, అవ్వా."

"డాక్టరు తానికి పోతున్నమని చెప్తే ఏం పోతుండె కొడుకా?"

అన్న పని పోతుండె అని నోటి దాకా వచ్చింది. ఆమె గుడ్డ తీసి నెత్తురు ఉమ్మింది. నేను తల దించుకుని జావ గిన్నె గడప మీద పెట్టాను. సత్యవ్వ దాన్ని కాలితో బయటికి తోసి తలుపు వేసుకుంది.