జత కుదరని పోగులు

మా పక్కింటి చౌడప్ప మగ్గం ముందు కూర్చుంటే ఎంత తెలివైనవాడో, లేచి బయటికొస్తే అంత అమాయకుడు. చీరల మూటలు మోయడానికని సంతలో ఒక మగ కంచరగాడిదను కొన్నాడు. దాని ఒడ్డూ పొడుగూ చూశాక, దీనికి పిల్లలు పుడితే ఇంకెంత బాగుంటాయోనని ఆశ పుట్టింది. ఆడగుర్రాన్ని తెచ్చి జత చేశాడు. ఏడాదైనా చూలు నిలవలేదు. గుర్రం గొడ్డుదని తిట్టి, అమ్మేసి, ఇంకోదాన్ని తెచ్చాడు.

ఇంట్లోనూ అదే వరస. పెళ్లై ఎనిమిదేళ్లయినా భార్య సుబ్బక్కకు పిల్లల్లేరు. అత్త అంజనమ్మ కోడలితో మింగించని వేరు లేదు, మొక్కించని దేవుడు లేడు. చివరికి కొడుక్కి బద్వేలులో రెండో సంబంధం కుదిర్చింది. గురువారం తాంబూలాలు. సుబ్బక్కకు సవతి వస్తుందంటే నాకే కడుపు మండిపోయింది.

రెండో గుర్రానికీ చూలు నిలవలేదు. బుధవారం చౌడప్ప పశువుల డాక్టరు ఏసన్నను పిలిపించాడు. మద్రాసులో చదివొచ్చిన మనిషి, అడక్కపోయినా పాఠం చెబుతాడు.

"గుర్రాన్ని ఎందుకు తిడతాండావప్పా? లోపం ఈ మగదానిలో ఉండాది. బీజం తయారయ్యేటప్పుడు తల్లి నుంచి వచ్చిన దారాలు, తండ్రి నుంచి వచ్చిన దారాలు జతజతగా చేరల్ల. క్రోమోజోములంటారు వాటిని. దీని తల్లి గుర్రం, తండ్రి గాడిద. ఇద్దరి దారాల లెక్క వేరు, అందుకే జత కుదరదు, బీజం పండదు. పది గుర్రాలను మార్చినా ఇంతే."

సుబ్బక్క మగ్గం దగ్గర పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతోంది. చేయి ఆపింది.

"పోగుల లెక్క కలవని రెండు పడుగులు అతకబోయినట్టు గదా సారూ? పోగుకు పోగు దొరకదు, గుడ్డ దిగదు."

"అంతే తల్లీ!"

"పది గుర్రాలను మార్చినా ఇంతే అంటిరే, ఆ మాట ఇంకోసారి గట్టిగా చెప్పండి. మా అత్తకు చెవుడు."

అంజనమ్మకు చెవుడేమీ లేదు. మా ఇంట్లో గుసగుసలాడితే ఆమెకు వినిపిస్తుంది.

"మనిషికీ గాడిదకూ పోలికేందే!" అని లేచింది.

"మనుషుల్లోనూ మగవానిలో లోపం ఉండచ్చమ్మా. చూడందే చెప్పలేం," అన్నాడు ఏసన్న. "కడపలో నాకు తెలిసిన డాక్టరు ఉండాడు. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాడు."

చౌడప్పకు ఉన్నట్టుండి పని గుర్తొచ్చి మగ్గం గుంటలోకి దిగాడు.

గురువారం పొద్దున పళ్ల తట్టలను కంచరగాడిద మీదికెక్కించారు. సుబ్బక్క ఉతికిన చీర కట్టుకుని వచ్చి దాని పగ్గం పట్టుకుంది.

"నువ్వు యాడికే?" అన్నాడు చౌడప్ప.

"బద్వేలుకే. ఆ పిల్లకు గుర్రాల సంగతి చెప్పల్ల గదా."

వీధంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. సుబ్బక్క మాత్రం నవ్వలేదు.

"ఎనిమిదేండ్లు నన్నే చూసినారు. ఒక్క పూట నిన్ను చూడనీ," అంది.

చౌడప్ప ఆమె చేతిలోని పగ్గం అందుకుని గాడిదను కడప దారికి తిప్పాడు. అంజనమ్మ ఏడుస్తూ తట్టలు దించబోయింది.

"ఉండనీమ్మా," అన్నాడు. "డాక్టరుకు ఇస్తాంలే."