డాలు మీది పంటి గాట్లు

ఉప్పుగూడ రాజమణి ఆ వెండి నాణెం నా చేతిలో పెట్టినప్పుడు దాని అంచున రెండు చిన్న గాట్లున్నాయి. అవి చనిపోయిన ఆమె బిడ్డ పంటి గాట్లు. నాకప్పుడు తెలియదు. అడిగి తెలుసుకుందామని కూడా తోచలేదు, అదీ నా బుద్ధి.

"తాడు కట్టే రింగు ఊడిందన్నా. గదొక్కటి అతికియ్యి. ఇంకేం ముట్టకు," అంది.

పత్తర్‌గట్టి బజారులో ముప్పై ఏళ్లుగా వెండి పని చేస్తున్నాను. పసిపిల్లల మెడలో నల్లతాడుకు వెండి బిళ్ల కట్టడం మామూలే, కానీ ఇలాంటిది నేనెన్నడూ చూడలేదు. పల్చటి నాణెం, నల్లబడిపోయింది. మీద ఒక డాలు, డాలులో వెనక కాళ్లమీద లేచిన సింహం. పక్క దుకాణంలో పాత నాణేలమ్మే తాహిర్ భాయ్‌కి చూపించాను.

"ఆరొందల ఏండ్ల కిందిదుంటది. ఏదో దూరదేశం రాజుల ఇంటి గుర్తు. రుద్దకు వైకుంఠం భాయ్, గట్లనే ఇయ్యి," అన్నాడు.

ఇద్దరు చెప్పారు. వింటేనా? అడగందే అమ్మయినా పెట్టదంటారు, నేనేమో అడగని పని నెత్తికెత్తుకున్నాను. గాట్ల దగ్గర అంచు వంగి సింహం పంజా కనిపించడం లేదు. రాజుగారి సింహం నా దుకాణం నుంచి కుంటుకుంటూ పోవడమా? రింగు అతికించి, కర్ర సుత్తితో గాట్లు సాపు చేశాను. చింతపండుతో తోమి మెరుగు పెట్టాను. గోళ్లతో సహా పంజా తేలింది. తెగ మురిసిపోయాను.

మర్నాడు రాజమణి వచ్చి నాణెం అంచంతా బొటనవేలితో తడిమింది.

"ఇది నాది గాదన్నా. మా పాప కొరికిన గాట్లుంటయి దానికి."

కర్ర సుత్తిని బల్ల కిందికి తోశాను.

"పండ్లొచ్చి వారం గాలే, జరమొచ్చి పోయింది. ఫోటోలల్ల అంతా బోసినోరే. ఆ పండ్లు దీని మీదనే ఉన్నయి."

"నీదే చెల్లె. నేనే సాపు జేసిన," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె లొల్లి చేసినా బాగుండేది. గబగబా పట్టకారు తీశాను. "ఈ పంజ దగ్గర్నే ఉండె. మళ్ల పెడత."

రాజమణి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒకటి లోతుగ ఉండె, ఒకటి పైపైన. ఏది ఎటు దిక్కుండె, చెప్పన్నా."

ఆ సింహానికి ఎన్ని గోళ్లున్నాయో చెప్పగలను. అది మాత్రం చెప్పలేకపోయాను.