కువైట్ రొట్టెల మాస్టర్

మా ఆయన ఖలందర్ ఎనిమిదేండ్లు కువైట్‌లో ఉండి వచ్చాడు. ఆ ఎనిమిదేండ్లూ ఫోన్లో ఒకటే మాట, "నేనీడ రొట్టెల మాస్టర్ని" అని. నేను నమ్మాను. ఉప్మా కూడా చేతకాని మనిషి మాస్టరెలా అయ్యాడని ఒక్కసారైనా అడగనందుకు నన్ను నేనే అనుకోవాలి.

ఇప్పుడు మళ్లీ పోనంటున్నాడు. నాకూ పంపాలని లేదు. మొగుణ్ణి ఫోన్లో చూసి చూసి విసిగిపోయాను. కోపమొస్తే ఎదురుగా నిలబెట్టి తిట్టడానికైనా మనిషి ఇంట్లో ఉండాలి కదా! మేముండే ప్రొద్దుటూరులోనే మా అమ్మ షాహీదాబీకి బజారు వైపు ఒక గది ఉంది. అందులో రొట్టెల అంగడి పెడతానన్నాడు. అమ్మ ఉండేది జమ్మలమడుగులో. జొన్నరొట్టెలు తట్టడంలో ఆమెను మించినవాళ్లు ఆ వీధిలోనే లేరు.

"శుక్రవారం వస్తా. నా కండ్ల ముందర మూడు రొట్టెలు పొంగితే గది నీది అల్లుడా. పొంగకపోతే విమానం ఎక్కు" అని ఫోన్లో తేల్చి చెప్పింది.

శుక్రవారం పొద్దున మా ఆయన నన్ను వంటింట్లోంచి తరిమి తలుపు మూసుకున్నాడు. "ఈస్టు వద్దు, ఓవెన్ వద్దు. పెనం చాలు. పది నిమిషాల పని" అని లోపలినుంచి అరిచాడు. గంటయింది.

"ఏం చేస్తాండావు?" అని అడిగాను.

"పిండి కలుపుతాండా. లోపలికి రావద్దు!"

ఆ గొంతు విన్నాక ఎవరు ఆగుతారు? తోసుకొని పోయాను.

మైదాపిండిని ఎసట్లో పోశాడు మహానుభావుడు! జొన్నపిండికైతే మరిగే నీళ్లు కావాలి, లేకపోతే రొట్టె విరిగిపోతుంది. మా అమ్మ అట్లా చేయడం చూశాడు కాబట్టి, ఏ పిండికైనా ఎసరు పెట్టాల్సిందే అనుకున్నాడు. గోడలకు పోస్టర్లు అంటించే బంక తయారైంది. గరిటె గిన్నెలో నిలువునా నిలబడింది. పది వేళ్లకూ బంకే, మీసానికి కూడా బంకే.

"కువైట్‌లో ఇట్లే చేస్తారా?" అన్నాను.

అప్పుడే అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. కంగారులో మా ఆయన సలాం చేశాడు. చెయ్యి నుదుటికి అతుక్కుపోయింది.

అమ్మ గిన్నెలోకి చూసింది. అల్లుడి నుదుటి వైపు చూసింది. "నిజం చెప్పు నాయనా. ఆడ రొట్టెలు చేసింది నువ్వేనా?"

"కాదత్తా. చేసేది వేరేవాళ్లు. నేను వ్యాన్లో ఏసుకొని అంగళ్లకు ఇచ్చొస్తాంటి. డ్రైవరంటే మీరు చిన్నచూపు చూస్తారని..."

నాకు కోపం నషాళానికి ఎక్కింది. ఎనిమిదేండ్ల అబద్ధం! కానీ అమ్మ చెప్పిన విమానం గుర్తొచ్చి ఆ కోపాన్ని దిగమింగాను.

అమ్మ గిన్నెను తన ముందుకు లాక్కుంది. పారేయడం ఆమెకు చేతకాదు. కొంగు దోపుకొని ఆ బంకలో పొడి మైదా, రెండు పిడికిళ్ల జొన్నపిండి, కాస్త పెరుగు, చిటికెడు వంటసోడా వేసి పిసికింది. ముద్ద కుదిరింది. తట్టి పెనం మీద వేసింది. రొట్టె పొంగింది. రెండోదీ పొంగింది. మూడోదీ.

"మూడు పొంగినాయి!" అని అరిచాను. "నీ కండ్ల ముందరే పొంగినాయి. ఎవరు చేయాలో నువ్వు చెప్పలేదు కదమ్మా!"

అమ్మ నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. "సరేలే, గది అల్లునిదే. పెనం దగ్గరికి మాత్రం వాణ్ణి రానీయొద్దు."

ఇప్పుడు అంగడి మీద 'కువైట్ రొట్టెలు' అని బోర్డు ఉంది. అమ్మ మా దగ్గరికే వచ్చేసి రొట్టెలు తడుతుంది, నేను కాలుస్తాను, మా ఆయన ఆటోలో వేసుకొని ఎర్రగుంట్ల, మైలవరం హోటళ్లకు ఇచ్చి వస్తాడు. నిన్న ఎవరో వచ్చి, "కువైట్ మాస్టర్ నువ్వేనా అప్పా?" అని అడిగారు.

"కాదప్పా, నేను డ్రైవర్ని" అన్నాడు, తల ఎత్తి.

ఈ మాట ఎనిమిదేండ్ల కిందట చెప్పడానికి ఏం రోగమని, అక్కడికక్కడే ఎదురుగా నిలబెట్టి తిట్టాను. ఎంత హాయిగా ఉందో!