రెండుసార్లు డిప్పర్ కొడితే

మా ఆయన జిల్మార్‌కి బద్ధకం ఎక్కువ అని నేనంటాను. కాదు, మా వీధికి ఏటవాలు ఎక్కువ అని ఆయన అంటాడు. రెండూ నిజమే. మా కొండ వీధిలో ఇంటి ముందు బైకు ఆపాలంటే ఒక కాలు నేల మీద ఊని, ఒక చేత్తో బ్రేకు బిగించి, రెండో చేతి గ్లౌజు పళ్ళతో ఊడబీకి జేబులో గేటు రిమోట్ వెతుక్కోవాలి. ఈలోగా బైకు వెనక్కి జారుతుంది. మొన్న వానలో అలాగే జారి, బైకుతో సహా ఎదురింటి గోడకి వెళ్ళి తగిలాడు. పడ్డందుకు కాదు, ఎదురింట్లోంచి ఎవరో నవ్వినందుకు ఏడుపొచ్చిందట.

నవ్వింది ఎవరో కాదు, ఆయన పెద్దమ్మ యులాలియా. మా అత్తగారు జుల్మీరాకి తోడబుట్టిన అక్క. గేటుకి గేటు ఎదురు. ఇద్దరికీ మాటల్లేవు. చర్చిలో మా అత్తగారు పొద్దుటి పూజకి వెళ్తే ఆవిడ సాయంత్రం పూజకి వెళ్తుంది. వీధిలో ఎదురైతే, నడక పోల్చుకుని దూరం నుంచే ఇద్దరూ ఒకేసారి మొహాలు తిప్పుకుంటారు. అందులో మాత్రం అక్కాచెల్లెళ్ళ పోలిక చక్కగా తెలుస్తుంది.

తగువు పెళ్ళిళ్ళు కుదిర్చే పునీత అంతోనివారి విగ్రహం గురించి. మా వైపు పెళ్ళి కావలసిన పిల్ల ఆయన చేతుల్లోంచి బాలయేసుని తీసి దాచేస్తుంది. మొగుణ్ణి తెచ్చి చూపిస్తేనే బిడ్డని తిరిగిస్తానని బెదిరిస్తుంది. ఆయన హడలిపోయి వెంటనే సంబంధం చూస్తాడు. అందరికీ చూశాడు. యులాలియాకి చూడలేదు. తన పద్దెనిమిదో ఏట, వాళ్ళమ్మ దగ్గరున్న విగ్రహం చేతిలోంచి బిడ్డని తీసి దాచుకుంది. ఇప్పుడు ఆవిడకి డెబ్బై తొమ్మిది. బిడ్డ ఇంకా ఆవిడ దగ్గరే ఉన్నాడు.

వాళ్ళమ్మ పోయాక విగ్రహం మా అత్తగారి వాటాకి వచ్చింది, ఖాళీ చెయ్యి చాపుకుని. బిడ్డని ఇచ్చెయ్యమని ఈవిడ, ముందు ఆయన్ని పని చెయ్యమను అని ఆవిడ. అక్కడ తెగిపోయింది మాట.

"నేను పోయేలోపు ఆ చెయ్యి నిండాలే ఇవొనేచీ," అనేది మా అత్తగారు నాతో. "అంతోనివారి చేతిలో బిడ్డ లేకుండా నేను కన్ను మూస్తే పైన మా అమ్మకి ఏం చెప్పను?"

ఈ ఒక్క విషయంలో నేను ఆవిడ పక్షమే. మిగతా విషయాల్లో ఆవిడతో నాకు రోజూ యుద్ధమే.

సరే, రిమోట్ సంగతి. జిల్మార్ వెళ్ళి ఒడాయిర్‌ని పిలుచుకొచ్చాడు. వీధిలో గేట్లన్నిటికీ మోటార్లు బిగించింది ఒడాయిరే. అందుకే వీధిలో ఏ గేటూ సరిగ్గా పడదు. భార్య పోయినవాడు, అరవై ఎనిమిదేళ్ళవాడు, పైపళ్ళు కట్టించుకున్నవి.

"రిమోట్ విప్పి, దాని బటన్ దగ్గర రెండు వైర్లు సోల్డర్ చేసి, హెడ్‌లైటు స్విచ్చికి కలుపుతా," అన్నాడు. "రెండుసార్లు డిప్పర్ కొట్టు, గేటు లేస్తుంది. చెయ్యి తియ్యక్కర్లేదు."

"మా ఇస్త్రీపెట్టె బాగుచేస్తానని తీసుకెళ్ళావు, కాలిపోయిన వాసనతో తెచ్చిచ్చావు. నువ్వు బైకు ముడతావా?" అన్నాను.

"నువ్వూరుకోవే," అన్నాడు మా ఆయన.

మా రెండో రిమోట్ కనిపించలేదు. ఒడాయిర్ చొక్కా జేబులోంచి ఒకటి తీశాడు. యులాలియా గేటు బాగుచేసినప్పుడు ఆవిడ రిమోట్‌కి నకలు చేసుకుని, ఇవ్వడం మరిచిపోయినది. దాన్నే బైకు సీటు కింద బిగించి, మా గేటు మోటారుకి కూడా దాన్నే అలవాటు చేశాడు. అందులో ఉన్న ఆవిడ గేటు కోడు ముందు చెరిపితే సరిపోయేది. చెరపలేదు. ఈ ముక్క మాకు తర్వాత తెలిసింది.

జిల్మార్ బైకెక్కి రెండుసార్లు డిప్పర్ కొట్టాడు. మా గేటు మూలుగుతూ షట్టరులా పైకి లేచింది. మేం చప్పట్లు కొడుతుంటే వెనకాల ఇంకో మూలుగు వినిపించింది. ఎదురు గేటు కూడా లేస్తోంది. లోపల ప్లాస్టిక్ కుర్చీలో యులాలియా, ఒళ్ళో చేట, చేటలో చిక్కుళ్ళు. ఇటు గ్యారేజీలో పండగ కోసం పీట మీద నిలబెట్టిన అంతోనివారు, పక్కన చీపురుతో మా అత్తగారు.

 కాసేపటికి గేట్లు వాటంతట అవే దిగిపోయాయి.

"గాలికి లేచింది," అన్నాడు ఒడాయిర్.

అప్పట్నుంచి మా బతుకు నాటకం తెరలా అయింది. మా ఆయనకి డిప్పర్ కొట్టడమే పలకరింపు. తెలిసినవాడు ఎదురైతే కొడతాడు, కింద మలుపులో పోలీసులు బళ్ళు ఆపుతున్నారని తెలియనివాడికీ కొడతాడు. ఇంటి దరిదాపుల్లో కొట్టినప్పుడల్లా రెండు గేట్లూ లేచేవి. ఒకసారి నేను తలకి రంగు పూసుకుని చిరుగుల నైటీలో ఉండగా లేచింది. చెత్తబండివాళ్ళు నాకు దణ్ణం పెట్టి వెళ్ళారు.

అదీ సరే అనుకుంటే, మా ఆయన ఊళ్ళో లేనప్పుడు కూడా లేవడం మొదలుపెట్టింది. పొద్దున కాఫీ వేళ ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి. లేచినప్పుడల్లా ఎదురుగా ఆ కుర్చీ, ఆ చేట, ఆవిడ.

ఒడాయిర్‌ని పిలిచి చివాట్లు పెడితే చివరికి నకలు సంగతి ఒప్పుకున్నాడు. "చిటికెలో మార్చేస్తా," అన్నాడు.

మా అత్తగారు చీపురు అడ్డం పెట్టింది. "పండగ దాటేదాకా ఎవడైనా ముట్టుకుంటే ఊరుకోను. ఆయనే తలుపు తీయిస్తున్నాడు, బిడ్డని చూసుకోవాలని."

"అది కాదత్తయ్యా, రిమోటు..."

"రిమోట్ సృష్టించింది ఎవరు?"



జూన్ పదమూడు, మా వైపు నడి చలికాలం, అంతోనివారి పండగ. సాయంత్రం మా గ్యారేజీ నిండా వీధి ఆడవాళ్ళు, పొయ్యి మీద మొక్కజొన్న పాయసం, పక్కన జున్ను బన్నులు. చలిగాలికి గేటు వేసి జపమాల చెప్పుకుంటున్నాం. బయట ఒడాయిర్ మా ఆయన బైకు తీసుకుని ఊడిన వైరు ఏదో అతికించి, పరీక్షించడానికి వీధి ఎక్కుతున్నాడు. మా గేటులోకి తిరగాలంటే ఆ ఏటవాలులో వెడల్పుగా తిప్పాలి. తిప్పాడు. బైకు సరిగ్గా యులాలియా గేటుకి ఎదురుగా ఆగిపోయింది. కంగారులో డిప్పర్ రెండుసార్లు కొట్టాడు.

రెండు గేట్లూ లేచాయి.

ఇటు కొవ్వొత్తుల మధ్య అంతోనివారు. అటు యులాలియా, చేట లేదు, నీలం పట్టుగౌను, ఒళ్ళో చేతిరుమాలు మూట. మధ్యలో హెడ్‌లైటు వెనక ఒడాయిర్.

ఆవిడ లేచి వచ్చింది. "ఏమయ్యా, పెళ్ళాం ఉందా?"

"పోయిందమ్మా. ఆరేళ్ళయింది."

"తాగుతావా?"

"పండగలకి..."

"నోరు తెరు." తెరిచాడు. "కట్టుడువి. వెనక్కి తిరుగు." తిరిగాడు పాపం, బైకు పట్టుకునే.

ఆవిడ అతని భుజం మీదుగా మా గ్యారేజీలోకి, నేరుగా విగ్రహం మొహంలోకి చూసింది. "అరవై ఏళ్ళు పైన పట్టిందా నీకు? ఇన్నేళ్ళు వెతికి తెచ్చింది వీణ్ణా?"

జపమాల ఆగిపోయింది. మా అత్తగారి చెయ్యి నా చేతిని నలిపేస్తోంది.

"తెచ్చావు," అంది యులాలియా. "ఆలస్యమైనా మాట నిలబెట్టుకున్నావు. నచ్చకపోవడం నా ఇష్టం. ఏమయ్యా, నువ్వు ఇంటికి పో."

ఒడాయిర్ నోరు తెరిచాడు. "అమ్మా, అసలు సంగతి ఏంటంటే, ఆ రిమోటు..."

నేను పరిగెత్తి వెళ్ళి వేడి వేడి జున్ను బన్ను అతని నోట్లో కుక్కాను. నా జన్మలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి.

యులాలియా వీధి దాటింది. మూట విప్పింది. బాలయేసు ఒంటి మీద చేత్తో అల్లిన ఊలు చొక్కా, నెత్తిన టోపీ. విగ్రహం చేతిలో కూర్చోబెడితే కూర్చోలేదు, పక్కకి ఒరిగిపోయాడు.

మా అత్తగారు దగ్గరికి వచ్చింది. "చొక్కా తియ్యి. దాని మందానికి కుదరట్లేదు."

"ఈ చలిలోనా? తియ్యను."

"కర్ర బొమ్మకి చలేమిటక్కా?"

"నీకేం తెలుసే, పెంచింది నేను."

ఇద్దరూ విగ్రహం మీద తలలు వంచి చొక్కా గుండీల దగ్గర పోట్లాడుకుంటున్నారు. వీధి మొత్తం మెడలు చాచి చూస్తోంది. నేను బాహాటంగానే ఏడ్చాను. చివరికి టోపీ ఉంచి, చొక్కా తీసి కూర్చోబెట్టారు. చెయ్యి నిండింది.

అందరూ వెళ్ళాక పాయసం గిన్నె పట్టుకుని యులాలియాని వాళ్ళింటికి దిగబెట్టాను. ఆవిడ కుర్చీ చేతికి దారంతో కట్టిన రిమోట్ వేలాడుతోంది. బటన్ మీద రంగు అరిగిపోయి ఉంది. నేను దాన్ని చూడటం ఆవిడ చూసింది.

"పెద్దత్తయ్యా, పొద్దున్నా మధ్యాహ్నం మా గేటు తెరిచేది మీరా?"

"మరెవరు? మొదటిరోజే నొక్కి చూశాను, రెండూ లేచాయి. రిమోట్ అంటే తెలియదా నాకు?"

"మరి ఒడాయిర్‌ని అంతోనివారు పంపాడని..."

"ఊరికే ఎలా ఇవ్వనే? ఇన్నేళ్ళు పట్టుబట్టి, ఊరికే వెళ్ళి ఎలా ఇవ్వను?" పాయసం గిన్నె అందుకుని కుర్చీలో కూర్చుంది. "ముందు ఆ విగ్రహాన్ని చూద్దామనే నొక్కాను. పక్కన ఎవరో ముసలామె చీపురు పట్టుకుని నిలబడింది. పనిమనిషి అనుకున్నాను. రెండోసారి నొక్కితే గానీ గుర్తుపట్టలేదు, ఇన్నేళ్ళూ మొహం తిప్పుకోవడమే గానీ సరిగ్గా చూసిందెప్పుడు? మా జుల్మీరాకి తల మొత్తం నెరిసిపోయిందని నాకెవరూ చెప్పలేదే."

చెంచాతో పాయసం కలుపుతూ కూర్చుంది, తినలేదు.

"ఆ ఒడాయిర్‌కి చెప్పు," అంది. "గేటు బాగుచెయ్యొద్దని."