జాబితాలో ఐదో పని

కత్తెర కోసం వంటింటి అలమార తెరిచాను. తలుపు లోపలివైపు ప్లాస్టిక్ తొడుగు వేసిన కాగితం ఒకటి అంటించి ఉంది. పైన నా కొడుకు దస్తూరిలో, ఇవన్నీ అయ్యాకే ట్యాబ్ అని రాసి ఉంది. కింద ఆరు పనులు, ఒక్కొక్కదాని ఎదుట రోజుకొక గడి. నీళ్ల సీసా కడగాలి. హోంవర్కు చెయ్యాలి. బూట్లు తుడవాలి. మొక్కలకు నీళ్లు పొయ్యాలి. నాయనమ్మ, ఇరవై నిమిషాలు. బ్యాగు సర్దాలి.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. ఐదో వరుసలో ఇరవై మూడు టిక్కులున్నాయి. బూట్ల వరుసలో నాలుగైదు ఖాళీలు కనిపించాయి గానీ నా వరుసలో ఒక్కటీ లేదు. మొక్కలకు నీళ్లు పోసి, నాకు కాసిని మాటలు పోసి, మనవరాలు బ్యాగు సర్దుకుంటున్నదన్నమాట. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ పిల్లకి తొమ్మిదేళ్లు. ఒకచోట కుదురుగా నిలవదు కనుక ఇంట్లో అందరూ మిడత అంటారు. ఆ మిడత మూడు వారాలుగా సాయంత్రం ఐదున్నరయ్యేసరికి నా గదిలోకి వచ్చి, మంచం చివర కూర్చుని, "చెప్పు నాయనమ్మా" అంటోంది. ముప్పై నాలుగేళ్లు నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసినదాన్ని. నా దగ్గర సరుకుకు కరువు లేదు. ఏ రోజు ఏది చెప్పాలో పొద్దున్నే చీటీ మీద రాసుకునేదాన్ని. మధ్యాహ్నపు నిద్ర మానుకున్నాను. ఆ పిల్ల మాటిమాటికీ గోడ గడియారం వంక చూస్తుంటే, సమయం అయిపోతోందని బెంగ కాబోలనుకుని మరో ఐదు నిమిషాలు పొడిగించేదాన్ని.

మా ప్రయోగశాలలో ఒక నియమం ఉండేది. ప్రతి విడత పరీక్షలోనూ, తెచ్చిన నీళ్లతో పాటు ఒక గాజుపాత్రలో ఏమీ కలవని శుద్ధజలం కూడా పెట్టి, అన్నిటికీ చేసినదే దానికీ చేసేవాళ్లం. దాన్ని ఖాళీ నమూనా అంటారు. దానిలోనూ రంగు మారిందంటే, ఆ రంగు నీళ్లది కాదు, పాత్రదో రసాయనానిదో అని తేలుతుంది. ఖాళీ నమూనా పెట్టకుండా ఫలితాలు రాసుకొచ్చిన వారిని నిలబెట్టి కడిగేసేదాన్ని. తాయెత్తు కట్టాక జ్వరం తగ్గిందన్నవారిని, తాయెత్తు లేనివారికి తగ్గలేదా అని అడిగి నోరు మూయించిన మనిషిని. అలాంటిదాన్ని, నా మనవరాలు నా మీద ప్రేమతో వస్తోందన్న ఫలితాన్ని మాత్రం ఏ ఖాళీ నమూనా లేకుండానే రాసేసుకున్నాను.

నా కొడుకు బస్సు డిపోలో ఏ డ్రైవరు ఏ బస్సును ఎన్నింటికి తియ్యాలో షెడ్యూళ్లు వేస్తాడు. ఇల్లు కూడా ఒక డిపోయేనని వాడి నమ్మకం. ఆ సాయంత్రం వాడు భోజనానికి కూర్చోగానే, ఆ కాగితాన్ని ఊడబెరికి తెచ్చి వాడి పళ్లెం పక్కన పెట్టాను. మిడత అప్పటికే తిని, పక్కగదిలో ట్యాబ్ ముందు ఉంది. కోడలు నా ముఖం చూసి నీళ్లగ్లాసు కింద పెట్టింది.

వాడు ఇందులో తప్పేముందన్నాడు. పిల్లలకు ఏదైనా ముందు అలవాటు చేస్తేనే తర్వాత ఇష్టంగా మారుతుందన్నాడు. తరువాత నా మీదికే తిప్పాడు.

"పళ్లు తోముకుంటేనే బొమ్మలపుస్తకం ఇస్తాననేదానివి నువ్వు. నాకు అలవాటయిందా లేదా?"

"పళ్లను ఎందుకు తోముతున్నావో పళ్లకు తెలియదురా. నాకు తెలిసిపోయింది."

వాడు కోడలి వంక చూశాడు. ఆమె కాగితం వంకే చూస్తూ మాట్లాడింది.

"అది రాయమన్నది నేనే అత్తయ్యా. మామయ్యగారు పోయాక మీరు రేడియోకి జవాబులు చెబుతున్నారు. వార్తలు చదివేవాళ్లతో వాదిస్తున్నారు. నాకు భయమేసింది."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ క్షణాన తెలిసింది. పని కింద రాసింది చాలక జాలి పడి రాశారన్నమాట. వార్తలు చదివేవాళ్లు లెక్కలు తప్పు చెబితే ఎవరో ఒకరు దిద్దాలి కదా అన్నాను. నన్ను ఆ జాబితాలోంచి తీసెయ్యమన్నాను.

"తీసేస్తాను. మిడత రాకపోతే?" అన్నాడు కొడుకు.

"రాకపోతే రాదని తెలుస్తుంది."

వాడు లేచి, నల్లరంగు పెన్ను తెచ్చి, ఐదో పని మీద గీత కొట్టాడు. వరుస ఖాళీగా వదలడం వాడి వల్ల కాలేదు. పక్కనే, ఉతికిన బట్టలు మడతపెట్టాలి అని రాశాడు.

మర్నాడు ఐదున్నరకు నేను మంచం మీద కూర్చున్నాను. చీటీ రాసుకోలేదు. హాల్లో బట్టలు దులుపుతున్న చప్పుడు వినిపించింది. ఆరున్నర దాటాక ట్యాబ్‌లోంచి పాట వచ్చింది. మిడత రాలేదు. రెండో రోజూ అంతే. ఫలితం వచ్చేసింది, ఖాళీ నమూనాతో సహా. రేడియో పెట్టుకోలేదు. ఇకమీద ఆ ఇంట్లో నా నోట మాట వస్తే ఎవరు దాన్ని దేనికింద లెక్కేస్తారోనని పళ్లు బిగించుకుని కూర్చున్నాను. కొడుకు గుమ్మంలో నిలబడి, తిరిగి రాసెయ్యనా అమ్మా అని అడిగాడు. వద్దన్నాను. రాస్తే చింపేస్తానన్నాను.

మూడో రోజు తలుపు దడాలున తెరుచుకుంది. మిడత చేతినిండా తువ్వాళ్లు. ముఖం కందగడ్డలా ఉంది.

"జాబితాలోంచి నిన్ను నువ్వెందుకు తీయించుకున్నావు?"

నేను కళ్లజోడు తీసి పక్కన పెట్టాను.

"ఆ బట్టలకి గంట పడుతోంది. దుప్పటి అయితే నా చేతులకి అందట్లేదు కూడా. అన్నిటికంటే నువ్వే తేలిక నాయనమ్మా. ఊరికే కూర్చుంటే అయిపోయేది."

నా మనవరాలు కాకపోతే ఆ నిజాయితీని మెచ్చుకునేదాన్ని. ఊరికే కూర్చున్నదానివి ఒక్క ముక్కయినా విన్నావా, లేక గడియారమే చూశావా అని నిలదీశాను. ఇంత గట్టిగా నేను ఆ పిల్లతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమె కూడా తగ్గలేదు. "గడియారమూ చూశాను, విన్నాను కూడా. తోళ్ల ఫ్యాక్టరీ గురించి చెప్పలేదూ? పక్కన కాలనీ బావిలో విషం ఉందని రాస్తే నిన్ను వేరే ఊరు పంపేశారని?"

చెప్పాను. అది నేను చాలామందికి చెప్పిన కథ. పైఅధికారి నివేదిక మార్చమనడం, నేను మార్చననడం, వారం తిరక్కుండా బదిలీ ఉత్తర్వు చేతికి రావడం. చెప్పిన ప్రతిసారీ విన్నవారు నా ధైర్యాన్ని పొగిడారు. కథ ఎప్పుడూ అక్కడితోనే ముగిసేది.

"నువ్వెళ్లిపోయాక ఆ బావి నీళ్లు ఎవరు తాగారు?"

"ఏమిటి?"

"బావి మూసేశారా, తాగారా? ఆ రోజే అడుగుదామనుకున్నాను. ఇరవై నిమిషాలు అయిపోయాయి."

ఇరవై ఆరేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. కొత్త ఊరు, కొత్త ఇల్లు, పిల్లవాడికి బడి, నాకు జరిగిన అన్యాయం. వీటన్నిటి మధ్య ఆ బావి ఎటు పోయిందో చూడలేదు.

"తెలియదు," అన్నాను.

"కనుక్కోలేదా?"

"లేదు."

ఆమె తువ్వాళ్లను గడ్డం కింద అదిమిపట్టుకుని నన్ను పరీక్షగా చూసింది. సగం పని చేసి టిక్కు పెట్టుకున్నవాళ్లను వాళ్ల నాన్న అలాగే చూస్తాడు. ఆ తువ్వాళ్లతోనే హాల్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి ట్యాబ్ పాట మొదలైంది.

ఆ రాత్రి నేను కొడుకును గానీ కోడలిని గానీ తిట్టుకోలేదు. కోపం తగ్గి కాదు. అది వారి మీద నిలవలేదు, అంతే.

పొద్దున పాత కార్యాలయం నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఎత్తిన గుమాస్తా నా పేరు, ఊరు, సంవత్సరం అన్నీ రాసుకున్నాడు. ఫైలు ఉంటేగింటే కింది గదిలో ఉంటుందని, వెతకడానికి మనుషులు లేరని చెప్పాడు. మనుషులు లేకపోతే నేనే వచ్చి వెతుకుతానన్నాను. ఆయనకు విసుగొచ్చింది.

"ఇన్నేళ్ల తర్వాత దేనికమ్మా మీకది?"

"ఒకరు అడిగారు. నేను చెప్పాలి."