ఒక్క రాత్రి సముద్రం

కళ్లజోళ్ల షాపులో ఆమెకు రోజంతా ఒకటే పని. అద్దం మార్చడం, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగడం, ఎదుటివాళ్లు "రెండూ ఒకేలా ఉన్నాయమ్మా" అన్నా నవ్వుతూ మళ్లీ మార్చడం. ఉన్న ఓపికంతా అక్కడే అయిపోయేది. ఇంటికొచ్చాక భర్త అదే ఆట మొదలుపెడితే ఒళ్లు మండిపోయేది.

"ఇది చూడు. ఈ బీచ్ బాగుందా, ఇందాకటిది బాగుందా?"

సెలవుల్లో భూగోళానికి అవతల ఉన్న ఆడపడుచు ఇంటికి వెళ్లాలి. కిందటిసారి ఏకబిగిన వెళ్లినప్పుడు చిన్నవాడు ఆమె ఒళ్లోనే కక్కుకున్నాడు. పెద్దది సీట్ల మధ్య దారిలో పడుకుని, ఎంత బతిమాలినా లేవనంది. అందుకే ఈసారి విమానం మారేచోట ఒక రాత్రి సముద్రం పక్కన ఆగుదామని ఆమే అంది. ఎందుకన్నానురా భగవంతుడా అని తర్వాత తనను తానే తిట్టుకుంది.

భర్త లిఫ్టు మెకానిక్. ఆ రోజు నుంచి లిఫ్టు గుంతలో కూర్చుని కూడా బీచ్ ఫొటోలు పంపేవాడు. ఒకచోట ఇసుక తెల్లగా ఉందట. ఇంకోచోట నీళ్లలోంచి చేపలు కనిపిస్తాయట. చివరికి ఒక దీవి మీద మనసు పడ్డాడు.

"ఎయిర్‌పోర్టు నుంచి వ్యాను, తర్వాత పడవ, అంతే," అన్నాడు.

"పడవ దిగాక?"

"ఇంకో చిన్న వ్యాను."

"ఏవండీ, మనం వెళ్లేది సముద్రాన్ని ఉద్ధరించడానికి కాదు. పిల్లలు కాసేపు నేల మీద పరిగెత్తడానికి. ఎయిర్‌పోర్టుకి దగ్గరగా, లోతు లేని నీళ్లు, కాస్త నీడ. ఇసుక నల్లగా ఉన్నా నాకు ఫర్వాలేదు."

"అంత దూరం వెళ్లి నల్ల ఇసుకా!" అన్నాడతను, ఎవరో తన సొంత ఇసుకను తిట్టినట్టు.

ఎనిమిదేళ్ల పెద్దదాన్ని ఇంట్లో 'లాయరు' అంటారు. "లోతు లేదని రుజువేంటి?" అని అది మధ్యలో దూరింది. నాలుగేళ్ల చిన్నవాడికి డాల్ఫిన్ కావాలి. లేదంటే రానన్నాడు. ఆమె నెత్తి పట్టుకుని వంటింట్లోకి పోయి తలుపేసుకుంది. అక్కడే, స్టవ్ పక్కన నిలబడి, విమానాశ్రయానికి దగ్గరలో ఉన్న ఒక మామూలు హోటల్లో ఫోన్లోనే గది బుక్ చేసేసి బయటికొచ్చింది.

"అయిపోయింది. ఇక ఎవరూ నోరెత్తకండి."

పెద్ద యుద్ధం గెలిచాననుకుంది.

మొదటి విమానం దిగారు. సామాన్లు వచ్చే బెల్టు దగ్గర అందరి పెట్టెలూ వచ్చాయి, వీళ్లవి తప్ప. బెల్టు ఆగిపోయింది కూడా. ఆమె ఆఫీసు కిటికీ వైపు కదలబోతే భర్త గొంతు సవరించుకున్నాడు.

"మనవి రావు. నేరుగా అక్క వాళ్లూరికే పంపించేయమన్నాను. బరువు తగ్గుతుందని."

"ఎప్పుడన్నారు?"

"నువ్వు వాణ్ని బాత్రూముకి తీసుకెళ్లినప్పుడు."

"ఈత బట్టలు ఎక్కడున్నాయి?"

అతను బెల్టు వైపు చూశాడు.

"తువ్వాళ్లు? చెప్పులు? పిల్లల బట్టలు?"

"ఒక్క రాత్రే కదే..."

ఆమె పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని బయటికి నడిచింది. మాట్లాడితే ఆ హాలంతా వినపడేలా మాట్లాడాల్సి వస్తుంది.

హోటలు ముందు సముద్రం ఉంది. ఇసుక నల్లగానే ఉంది. జీన్సు ప్యాంట్లు, బూట్లు వేసుకుని నలుగురూ గట్టు మీద పెళ్లిలో తప్పిపోయిన వాళ్లలా కూర్చున్నారు. "చూడ్డమే. తడవడం లేదు," అని ఆమె గట్టిగా చెప్పింది. ఆ మాట పూర్తయ్యేలోపు చిన్నవాడు బూట్లతో సహా నీళ్లలో ఉన్నాడు.

"ఒరేయ్! ఆగరా!"

ఆమె వెనకే పరిగెత్తి వాడి చెయ్యి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఒక అల వచ్చి ఇద్దర్నీ నడుం దాకా తడిపేసింది. వెనక నుంచి లాయరు అరిచింది. "అమ్మే తడిచింది! ఇంక నేను తడవకూడదనడం అన్యాయం!"

తీర్పు కోసం అది ఆగలేదు. వాళ్ల నాన్న దాని కంటే ముందే ప్యాంటు మడుచుకుంటున్నాడు.

తిట్టడానికి ఆమె నోరు తెరిచింది. విమానంలో బిగుసుకుపోయిన కాళ్లకు చల్లటి నీళ్లు తగులుతున్నాయి. పాదాల కింద ఇసుక మెల్లగా జారుతోంది. తిట్లు తర్వాత చూసుకోవచ్చులే అనిపించింది. పిల్లలు వణికిపోయేదాకా అక్కడే ఉన్నారు.

ఆ తర్వాత మళ్లీ మామూలే. బట్టలన్నీ బాత్రూములో పిండి, కుర్చీల మీద, కిటికీ మీద, దీపం మీద ఆరేశారు. దుప్పట్లు చుట్టుకుని గదిలోనే తిన్నారు. పొద్దున్నకి చొక్కాలు ఆరాయి. జీన్సు ఒక్కటీ ఆరలేదు. తడి ప్యాంట్లతోనే రెండో విమానం ఎక్కారు. "నాకు దురద," అని చిన్నవాడు విమానం కదిలేదాకా ఏడ్చాడు. కదలగానే పిల్లలిద్దరూ నిద్రపోయారు. దిగేదాకా లేవలేదు.

ఆడపడుచు గుమ్మంలోనే పిల్లల్ని హత్తుకుంది. "ఏంట్రా, ఈసారి ఇంత హుషారుగా ఉన్నారు!" అని ఆశ్చర్యపోయింది.

"మధ్యలో సముద్రం దగ్గర ఆగాం అక్కా," అన్నాడతను చొక్కా సర్దుకుంటూ. "ఎన్ని బీచ్‌లు చూశాననుకున్నావ్! పిల్లలతో కదా, ఎయిర్‌పోర్టుకి దగ్గరగా, లోతు లేని చోటు చూసి..."

ఆమె అతనివైపు తిరిగింది. చెప్పాల్సినవి చాలానే ఉన్నాయి. మొదలుపెడితే భోజనాల వేళ కూడా దాటిపోతుంది.

"వదినా," అంది, "వాషింగ్ మెషిన్ ఎక్కడుంది?"