ఎండిన బోరులో చప్పుడు

గంగులయ్య చిన్నాయనను టార్పాలిన్‌లో చుట్టి కంపెనీ గేటు బయట పెట్టారు. నేను కళ్లారా చూశాను. పైపు జాయింటు ఊడి, సలసల కాగే నీళ్లు మీద పడి చచ్చిపోయిన మనిషి ఆయన. మేనేజర్ గిరిబాబు ఊచల అవతల నిలబడి, "పర్మిషన్ లేకుండా లోపలికొచ్చాడు, మాకు సంబంధం లేదు" అన్నాడు. ఆ మాటంటూ బూటుకంటిన బురదను గేటుకు రుద్దుకున్నాడు.

మాది మదనపల్లెకూ పుంగనూరుకూ మధ్య మెట్ట ఊరు. ఊళ్లో ఇరవై ఏడు బోర్లు వేస్తే ఇరవై ఆరు ఎండిపోయాయి. బిడ్డలు పడతారని వాటి మీద బండలు కప్పాం. మిగిలింది పంచాయతీ బోరు ఒక్కటే, ఊరంతా తాగేది అందులోవే.

రెండేళ్ల కిందట కంపెనీ వచ్చింది. నాలుగు కిలోమీటర్ల లోతున కాలిపోతున్న రాయి ఉందట. ఒక గొట్టంలో నీళ్లు కొట్టి, ఇంకో గొట్టంలో ఆవిరి తీసి కరెంటు చేస్తారట. దగ్గర్లోని అంగళ్లు అనే ఊళ్లో కాలేజీలో ఇంజనీరింగు చదివే నేనే దాన్ని ఊరికి విడమరిచి చెప్పాను. పొగ ఉండదు, బొగ్గు అక్కర్లేదు అన్నాను. కొట్టే నీళ్లు ఎక్కడివని అడగలేదు. సిగ్గుగానే ఉంది, అయినా చెబుతున్నాను, అడగాలని నాకు తోచలేదు.

ఊరు నా మాటలు సగమే విన్నది. అంత పెద్ద డ్రిల్లింగు రిగ్గు వస్తుందని విని, అది బోరే అనుకుంది. అంత లోతుకు పోతే నీళ్లు పడకుండా ఉంటాయా అనుకుంది. చిన్నాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీటి జాడ చెప్పే మనిషి. ఎవరూ పిలవకుండానే చేలో నడిచాడు. కంపెనీ గుర్తు పెట్టిన చోటికి ఇరవై అడుగుల దూరంలో టెంకాయ లేచి నిలబడింది. అక్కడ కర్పూరం వెలిగించి దండం పెట్టాడు. ఆయన మాట మీద ఊరంతా కంపెనీ కాగితాల మీద సంతకాలు చేసింది, చేలున్నవాళ్లు కౌలుకిచ్చారు.

ఈ ఎండాకాలం పంచాయతీ బోరుకు కంపెనీ పైపు తగిలించారు. కిందికి కొట్టిన నీళ్లలో సగం తిరిగి రావడం లేదు, రాతి పగుళ్లు తాగేస్తున్నాయి. మా కొళాయిల్లో గాలి తప్ప ఏమీ రాలేదు.

"నీల్లు వచ్చే సోటు సూపిచ్చినా అనుకుంటి గదమ్మా నీలిమా. పొయ్యే సోటు సూపిచ్చినా" అన్నాడు చిన్నాయన. ఆ మధ్యాహ్నమే పంపు ఆపమని అడగడానికి గేటు దాటి వెళ్లాడు.

పూడ్చిన మూడో రోజు ఆయన భార్య అక్కమ్మ నా చెయ్యి పట్టుకుని తమ చేలోకి తీసుకుపోయింది. ఎండిన బోరు మీది బండ పక్కకు జరిపి ఉంది.

"ఇను మే. మీ చిన్నాయన పలకతాండాడు."

చెవి పెట్టాను. లోపలి నుంచి వెచ్చటి గాలి తగిలింది. ఆగి ఆగి, ముసలాయన దగ్గినట్టు చప్పుడు. పంపు ఒత్తిడికి లోపల రాళ్లు కదులుతున్నాయని నాకు తెలుసు. తెలిసినా చెవి తీయలేదు.

వారంలో బోర్లన్నీ పలికాయి. పది ఎకరాల కృష్ణప్ప తన బోరు పక్కన నడవడమే మానేశాడు. అక్కమ్మ మాత్రం రోజూ పొద్దున్నే వెళ్లి, బోరు పక్కన కూర్చుని, మేక ఈనిన సంగతి, ఇంటి సంగతి చెప్పుకునేది.

బడి ముందు ఊరు కూడింది.

"దయ్యం పట్టిన బోర్లప్పా, పూడ్సేద్దాం. కంపెనీతో పెట్టుకుంటే వాల్లిచ్చే కౌలు పోతాది" అన్నాడు కృష్ణప్ప.

కూలికి పోయే చెంగమ్మ లేచింది. "నీకు కౌలు ఉండాది. మాకు యాముండాదప్పా, ఆ కొళాయి దప్ప? నోరెండిపోతాంటే దయ్యమంటావే."

అప్పుడు నేను చెప్పాల్సి వచ్చింది. "అది దయ్యం కాదు. చిన్నాయనా కాదు. వాళ్లు మన నీళ్లు లోపలికి కొట్టినప్పుడల్లా ఆ చప్పుడు వస్తాది. పంపు ఆగితే అదీ ఆగుతాది."

అందరూ అక్కమ్మ వైపు చూశారు.

"ఆపితే ఆయప్ప పలకడా?"

"పలకడు చిన్నమ్మా."

నాకు ఏడుపొచ్చింది.

"అట్లయితే నేనే ఆపుతా" అంది అక్కమ్మ. "ఇంగెవురు ఆపినా నేను ఓర్సుకోలేను."

మర్నాడు పొద్దున రెండు వందల మందిమి బిందెలతో పంచాయతీ బోరు చుట్టూ నిలబడ్డాం. గిరిబాబు గార్డులతో వచ్చాడు. "కేసులవుతాయి, జైలుకు పోతారు" అన్నాడు.

"బోరు మాది, వాల్వు మాది. నువ్వు పక్కకు జరుగు సార్" అంది చెంగమ్మ.

అక్కమ్మ వాల్వు చక్రం పట్టుకుంది. తిరగలేదు. చెంగమ్మ చెయ్యి వేసింది, నేను వేశాను, ఎవరెవరివో చేతులు పడ్డాయి. చక్రం తిరిగింది. అవతల పంపు కాసేపు అరిచి ఆగిపోయింది.

అక్కమ్మ పక్కనే ఉన్న తన చేలోకి నడిచి, బోరు మీదికి వంగింది. అందరం కదలకుండా చూశాం.

"ఏం లేదు" అంది. ఆయన పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, అక్కడ నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చింది.

పోలీసు వ్యాను వచ్చింది. మమ్మల్ని పంతొమ్మిది మందిని ఎక్కించారు. రేపు మళ్లీ పంపు వేస్తామని గిరిబాబు అందరికీ వినిపించేలా అన్నాడు. నా పక్కనున్న అక్కమ్మ కళ్లు తుడుచుకుని, వ్యాను కిటికీ జాలీ దగ్గరికి వచ్చి, బయట జనంలో ఉన్న కృష్ణప్పను పిలిచింది.

"కృష్ణప్పన్నా, బోర్ల మింద బండలు తీసేయండి. ఒక్కో బోరుకాడ ఒక మనిసి ఉండండి. మల్లా పలికితే అది నా మొగుడు గాదు, మన నీల్లు పోతాండేది. ఊరంతా లేసి రండి."

వ్యాను కదిలింది. చేలల్లో జనం బండలు దొర్లిస్తున్నారు. కృష్ణప్ప తలగుడ్డ తీసి పక్కన పెట్టి, తన బోరు పక్కన నేల మీద పడుకుని, చెవి ఆనించాడు.